ఆరువందల్లో ఒక కాడి

ఆష్‌బర్న్, వర్జీనియా
14 జూన్ 2009

ఒసే కావ్యా,

పందెం ప్రకారం మొదటి ఉత్తరం నాదే. ముందు ఫోన్ చేసినవాళ్ళు ఓడినట్టు, ఓడినవాళ్ళు రెండోవాళ్ళ ఊరొచ్చి వారం రోజులు వంట చేసిపెట్టాలి. విచిటాలో ఎమ్మెస్ చదివినన్నాళ్ళూ నీ చేతి పప్పు తిన్నదాన్ని కాబట్టి, ఈ పందెం గెలిచినా నాకు నష్టమే. అయినా రాస్తున్నాను. ఫోన్‌లో మనం మాట్లాడేది సగం ఇంగ్లీషు, సగం "హోల్డ్ ఆన్". కాయితం మీదైతే కాస్త తెలుగైనా మిగులుతుంది.

నా కొత్త ఉద్యోగం ఏమిటని అడిగావు. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా రేణు ఆఫ్రికాకి సామాన్లు కొంటుంది" అని చెప్పుకుంటోంది. దాదాపు అంతే. అమెరికా ప్రభుత్వం బీద దేశాలకి ఇచ్చే సాయం డబ్బుతో మా కంపెనీ సామాన్లు కొని పంపుతుంది. కాకపోతే ఆ సామాను అమెరికాలో తయారైనదే అయ్యుండాలి. ఇక్కడి డబ్బు ఇక్కడి పనివాళ్ళకే పోవాలని రూలు. ఇక్కడ దొరకని వస్తువైతే దొరకదని రుజువు చేసి, మినహాయింపు తెచ్చుకుని, వేరే దేశంలో కొనాలి. రోడ్డుకి ఎడమపక్క నడిచే దేశాల కోసం జీపులకి ఒకసారి అలా మినహాయింపు తెచ్చారట. ఆ ఫైలు తలకింద దిండుగా పెట్టుకోవచ్చు.

నా నెత్తిన పడింది ఎడ్ల కాడి. నవ్వకు. జాంబియాలో ఆరువందల రైతు కుటుంబాలకి ఎద్దుల జతలు ఇచ్చేశారు, కాడులు ఇవ్వలేదు. నవంబర్‌లో అక్కడ వానలు మొదలవుతాయి. ఆ లోపల కాడులు చేరకపోతే ఎద్దులు మేసి పడుకుంటాయి, ఈ ఏడు దున్నకం ఉండదు. అమెరికా అంతా గాలించాను. నోటీసు కూడా వెబ్‌సైట్‌లో పెట్టాం. ఇప్పటిదాకా ఒక్కడంటే ఒక్కడు ముందుకు రాలేదు. జూలై పదికి గడువు. ఇది నేను సొంతంగా చేస్తున్న మొదటి ఫైలు. నీకు తెలిసిన దేవుళ్ళందరికీ ఓ దండం పెట్టు.

మీ ఆయన లోకేష్‌ని అడిగానని చెప్పు.

నీ పప్పుకి బాధితురాలు,
రేణు


బెంటన్‌విల్, ఆర్కన్సా
28 జూన్ 2009

మహారాజశ్రీ సామాన్ల రేణు గారికి,

నీ ఉత్తరం చదివి లోకేష్‌కి వినిపించాను. ఎమ్మెస్ చదివి ఎడ్ల కాడులు కొనడమేంటని అరగంట నవ్వాడు. తను రోజంతా చేసేది టూత్‌పేస్టు ఏ షెల్ఫ్‌లో ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్ అని గుర్తు చేస్తే ఊరుకున్నాడు.

ఇక్కడ మనవాళ్ళంతా ఒకే ఆఫీసు. పొద్దున పార్కింగ్‌లో కలిసినవాళ్ళే సాయంత్రం పూజలో, రాత్రి డిన్నర్‌లో. అందుకే శనివారం వస్తే నేను ఒక్కదాన్నే కారేసుకుని ఊరి మధ్య చౌక్‌లో పెట్టే సంతకి పోతాను. అక్కడ ఆర్విల్ అని ఒక ముసలాయన బెండకాయలు అమ్ముతాడు. ఇండియన్ స్టోర్‌లో వడలి ముడతలు పడ్డ బెండకాయలకీ వీటికీ పోలికే లేదు. అయితే మొదటి వారమే మాకు గొడవైంది. నా సంగతి నీకు తెలుసు కదా, బెండకాయ కొన విరవకుండా నేను కొనను. టపటపా విరుస్తుంటే ఆయన టోపీ తీసి నన్ను చూశాడు. తరవాతి శనివారానికి అట్టముక్క మీద పెద్దక్షరాలతో బోర్డు: బెండకాయలు విరవరాదు. చౌక్ మొత్తంలో ఆ బోర్డు నా ఒక్కదాని కోసమే. దాని ముందే నిలబడి విరిచాను. ఇప్పుడు మేమిద్దరం మంచి స్నేహితులం.

నీ కష్టం మాత్రం నా మనసులో పెట్టుకున్నాను. దేవుళ్ళకి దండం పెట్టడమే కాదు, ఇంకో పని కూడా చేశాను. ఏమిటో చెప్పను. నీకే తెలుస్తుంది, అప్పుడు బెంటన్‌విల్ వైపు తిరిగి నువ్వే దండం పెడతావు.

నీ మేలు కోరే,
కావ్యశ్రీ


ఆష్‌బర్న్
13 జూలై 2009

కావ్యా,

కొంప మునిగింది.

గడువు రేపనగా ఎవడో మహానుభావుడు ఉత్తరం పడేశాడు, కాడులు నేను చేస్తాను అని. మా బాస్ డెనీస్ ఆ ఉత్తరాన్ని లాయర్ల దగ్గరికి పంపింది, నేనింకా పూర్తిగా చూడలేదు. ఊరు మాత్రం మీ బెంటన్‌విల్ అవతల ఏదో కొండల్లోనట.

నీకు అర్థం కావడానికి చెబుతున్నాను. మా పనిలో దొరకలేదంటే గెలిచినట్టు. ఎవరూ ముందుకు రాకపోతే మినహాయింపు దానంతట అదే సంతకమైపోయేది. జాంబియాలోనే వడ్రంగులు ఉన్నారు, కర్ర ఉంది, సెప్టెంబర్‌కల్లా చేసి ఇస్తామని మాట కూడా ఇచ్చారు. ఒక్క అమెరికన్ చేయి ఎత్తాడా, అంతా ఆగిపోతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఎవరన్నారో గానీ వాళ్ళు తప్పకుండా మా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి ఉంటారు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. నా ఫైల్లో పెద్ద పాయింటు ఏమిటో తెలుసా? జాంబియా ఎద్దులకి మూపురం ఉంటుంది, అమెరికా పశువులకి మూపురం ఉండదు, కాబట్టి ఇక్కడి కాడి అక్కడి మెడకి పనికిరాదు అని. ఎంత తెలివిగా రాశానో అని మురిసిపోయాను. ఆయన తన ఉత్తరంతో ఒక ఫోటో జతచేశాడు. అది మాత్రం డెనీస్ నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. తెల్లటి ఎద్దుల జత, ఒక్కోదానికి కుండంత మూపురం, మెడమీద కాడి. ఆ మొహం చూడగానే నాకు అద్దంకిలో మా పాపయ్య పెదనాన్న గారి గిత్త గుర్తొచ్చింది. వందేళ్ళ కిందటే మన ఒంగోలు పశువులు ఓడెక్కి ఇక్కడికొచ్చాయట, వాటి రక్తం ఇక్కడివాళ్ళు బ్రాహ్మన్ అని పిలిచే ఈ పశువుల జాతిలో ఉందట. ఒంగోలు జిల్లాలో పుట్టి, బండలాగుడు పోటీల్లో ఈలలు వేసి పెరిగినదాన్ని, అమెరికాలో మూపురం లేదని ప్రభుత్వానికి రాసిచ్చాను. పెదనాన్నకి తెలిస్తే ఊళ్ళోకి రానివ్వడు. వాటికి గ్రీన్ కార్డ్ ఎప్పుడో వచ్చేసింది చూడు, మనమే ఇంకా లైన్లో ఉన్నాం.

నువ్వొక సాయం చెయ్యాలి. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, ఆరువందల కాడులు సెప్టెంబర్‌లోగా నిజంగా చేయగలడో లేడో చూసి రా. చేయలేనని తనే రాసిస్తే తప్ప ఈ ఫైలు కదలదు. అడ్రసు వెనక రాశాను.

ఇంతకీ కొండల్లో కూర్చున్న మనిషికి మా నోటీసు సంగతి ఎవరు చెప్పారో, వాళ్ళ నోట్లో మన్ను పడ.

రేణు


బెంటన్‌విల్
20 జూలై 2009

ప్రియమైన రేణుకి,

ఆరోగ్యం ఎలా ఉంది? నిద్ర సరిగ్గా పోతున్నావా? ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

చెప్పినట్టే వెళ్ళి వచ్చాను. మనిషి చాలా మంచివాడు, రేణూ. అంత కోపంగా రాయకు ఆయన గురించి. షెడ్డులో రెండు రకాల కాడులు ఉన్నాయి. మామూలు అమెరికా ఎద్దులకి మెడకింద వంపు కర్ర ఉండేది ఒకటి, మూపురం ముందు ఆనేట్టు తిన్నగా చెక్కినది ఒకటి. నేను వెళ్ళేసరికి షెడ్డంతా ఊడ్చి, ఉలులన్నీ నూరి వరసగా పెట్టుకున్నాడు. చర్చిలో అందరికీ చెప్పాడట, ప్రభుత్వం నా కాడి అడిగిందని. ఇన్నేళ్ళుగా ఆయన చేసిన ప్రతి కాడినీ రెస్టారెంట్లవాళ్ళే కొన్నారు, గోడకి అలంకారంగా వేలాడదీయడానికి. ఒక్కటి కూడా ఎద్దు మెడ ఎక్కలేదు, తన ఎద్దులకి చేసుకున్నది తప్ప. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా మొహంలోకి చూడలేదు.

ఇక నువ్వడిగిన ప్రశ్న. ఒక కాడి చేయడానికి ఆయనకి దాదాపు రెండు వారాలు పడుతుంది. చెక్కేది ఒక్కడే. ఆరువందలు ఎప్పటికవుతాయని అడిగితే, కర్ర దొరికినంతవరకు చేసుకుంటూ పోతాను అన్నాడు. లెక్క నువ్వే వేసుకో. కానీ నేను చేయలేను అని రాసివ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు. లెమనేడ్ ఇచ్చాడు, తాగి వచ్చేశాను.

నోట్లో మన్ను అదీ ఇదీ అని రాశావు. ఎవరో పాపం మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. అలా అందరినీ తిట్టడం మంచిది కాదు.

ఇట్లు,
కావ్యశ్రీ


ఆష్‌బర్న్
24 జూలై 2009

కావ్యశ్రీ గారికి,

నీ ఉత్తరంలో నా ఆరోగ్యం అడగ్గానే అనుమానం వచ్చింది. విచిటాలో నా లాప్‌టాప్ మీద సాంబారు ఒలకబోసిన రోజున కూడా ముందు నా ఆరోగ్యమే అడిగావు.

ఇవాళ ఆ పెద్దమనిషి ఉత్తరం పూర్తి కాపీ నా చేతికొచ్చింది. రెండో పేరా నీ కోసం తెలుగు చేసి రాస్తున్నాను: "ఈ అవసరం గురించి నాకు మా సంతలో ఒక కస్టమర్ చెప్పింది. ఆమె చాలా మర్యాదస్తురాలు, కానీ నా బెండకాయల కొనలు విరుస్తుంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బెండకాయ పట్టించింది.

నువ్వు మంచికే చేశావని నాకు తెలుసు. నేను రాసింది చదివి, ఎవరూ దొరక్క ఏడుస్తున్నాననుకుని ఉంటావు. అయినా కోపం తగ్గడం లేదు. ఫోన్ చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను, పందెం ఓడిపోతానని కాదు, నోరు జారతానని పెట్టేశాను. జాంబియాలో ఆ ఎద్దులు తీసుకున్నవాళ్ళకి మా మనిషి వెళ్ళి, వానలకి ముందే కాడులు వస్తాయి, విత్తనం సిద్ధం చేసుకోండి అని చెప్పి వచ్చాడు. నేను చెప్పమంటేనే చెప్పాడు. అప్పు చేసి విత్తనం కొన్నవాళ్ళు కూడా ఉన్నారట. నాకు భయంగా ఉంది కావ్యా.

ఆగస్టు పదిలోగా ఆయన రాసివ్వకపోతే ఫైలు మళ్ళీ మొదటికొస్తుంది. అడుసు తొక్కావు, కాలు నువ్వే కడుక్కో. ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను. కొరియర్ ఫోన్ కిందికి రాదు.

రేణు


బెంటన్‌విల్
2 ఆగస్టు 2009

రేణూ,

తిట్టు. ఇంకా నాలుగు తిట్టు. ఆ శనివారం ఆయన తక్కెడ వేలాడదీసిన కర్ర ఎడ్ల కాడి అని తెలియగానే నాకు కాలు నిలవలేదు. నీ నోటీసు ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టి, ఉత్తరం ఎలా రాయాలో కూడా పక్కన కూర్చుని చెప్పాను. బెండకాయల వాక్యం మాత్రం నేను చెప్పలేదు.

నీ ఉత్తరం లోకేష్ చూశాడు. "నీకెందుకే గీ పంచాయితీ, బెండకాయలు కొనుక్కొని ఇంటికొస్తే అయిపోవు" అన్నాడు. అని, తనే కారు తీశాడు.

దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. రూలు, గడువు, మినహాయింపు, ఇంత సంఖ్య, ఇన్ని వారాలు. ఆర్విల్ అప్పటికే ఒక దుంగ చెక్కడం మొదలుపెట్టాడు. మీ కంపెనీ నుంచి ఆయనకి వచ్చిన ఉత్తరాలు చూపించాడు. మూడు పేజీలు చదివాను, నాకే ఏమీ అర్థం కాలేదు. సెక్షన్లు, క్లాజులు. నన్ను పోటీ నుంచి తప్పించాలని చూస్తున్నారు కదా అని అడిగాడు. వల్లె వేసినదంతా మరిచిపోయాను. నేను చేసిన తప్పు వల్ల ఇదంతా అయిందని చెప్పాను. నవంబర్‌లో అక్కడ వానలు పడతాయని, ఎద్దులు ఉన్నాయి కాడులు లేవని, వాళ్ళు విత్తనం కొనుక్కుని కూర్చున్నారని చెప్పాను.

ఆయన ఉలి కింద పెట్టాడు.

"వాన సంగతి ఈ కాయితాల్లో ఎక్కడా లేదే?" అన్నాడు.

లేదు రేణూ. నేను మళ్ళీ చూశాను. మీ మూడు పేజీల్లో వాన అనే మాట ఎక్కడా లేదు.

ఇంక నేను అడగనేలేదు. ఆయనే లోపలికి వెళ్ళి కాయితం తెచ్చి రాశాడు. అది ఈ కవర్లోనే ఉంది, జాగ్రత్తగా తీసుకో. ఇంతే రాశాడు: "వానకి ముందు ఆరువందలు నేను చేయలేను. చేయగలవాళ్ళ చేత చేయించండి. ఒకటి మాత్రం చేయగలను. ఆ ఒకటి నా దగ్గర తీసుకోండి. గోడకి వేలాడదీయకూడదు."

ఇచ్చేటప్పుడు చెయ్యి కలిపి, వచ్చే శనివారం మళ్ళీ విరిస్తే ఊరుకోనని చెప్పాడు. కారెక్కాక నాకు ఏడుపొచ్చింది. లోకేష్ రేడియో సౌండు పెంచి, నేను ఏడవడం చూడనట్టు నడిపాడు.

కాలు కడుక్కున్న,
కావ్య


ఆష్‌బర్న్
12 డిసెంబర్ 2009

ఒసే కావ్యా,

ఇన్నాళ్ళూ పొట్టి కార్డులతో సరిపెట్టానని అలిగావని తెలుసు. మొన్ననే జాంబియా నుంచి వచ్చాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆర్విల్ గారి కాయితం చూసి డెనీస్ కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వింది. తరవాత లాయర్లతో తనే పోట్లాడింది. చివరికి మినహాయింపు ఆరువందలకి కాదు, ఐదువందల తొంభైతొమ్మిదికి సంతకమైంది. ఆ ఒకటి ఎందుకు తగ్గిందని పైనుంచి ప్రశ్న వచ్చింది. ఆ ఒకటి అమెరికాలో దొరికింది అని జవాబు రాశాను. నా ఫైలు ఇప్పుడు జీపుల ఫైలు కన్నా లావుగా ఉంది.

అక్కడి వడ్రంగులు మాట తప్పలేదు. కాడులన్నీ అక్టోబర్‌లో ఊళ్ళకి చేరాయి. తంటా అంతా మన ఒక్కదానితోనే. దాన్ని ఓడలో పంపితే సంక్రాంతికి కూడా చేరదు. నేనే డలెస్ ఎయిర్‌పోర్ట్‌కి మోసుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి ఎడ్ల కాడికి తన కంప్యూటర్లో పేరు లేదని చాలాసేపు వెతికి, చివరికి సర్ఫ్ బోర్డు కింద రాసుకుంది.

అక్కడ మా ఆఫీసు పెద్దాయన దాన్ని చూడగానే మురిసిపోయాడు. జెండా పక్కన గోడకి కొట్టించడానికి మేకులు కూడా తెప్పించాడు. కుదరదన్నాను. ఇది ఇక్కడి ఎద్దులకి వెడల్పు ఎక్కువ, కొలతకి సరిపోదు, ప్రదర్శనకే పెట్టాలి, రూలు అన్నాడు. నిజంగానే వెడల్పు ఎక్కువ. అక్కడి పశువు చిన్నది. రూళ్ళు రాసేదాన్ని, ఎవరు ఏ రూలు చెప్పినా తల ఊపేదాన్ని, ఆ రోజు మాత్రం కాడి పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను. కొన్నదే దున్నడానికి, గోడకి కాదని షరతు ఉంది, నేను సంతకం పెట్టాను అన్నాను. మా పెదనాన్న బండలాగుడు పోటీల్లో జడ్జిలతో గొడవపడే గొంతు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది.

మిసెస్ టెంబో అని ఒకావిడ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో పెద్ద ఎద్దులు ఆవిడవే. పిలిపిస్తే వచ్చి, కాడి భుజానికెత్తుకుని బరువు చూసి తీసుకుపోయింది. వడ్రంగి చేత, ఎద్దు మెడకి అటూ ఇటూ దిగే మెడకర్రల బెజ్జాలు కాస్త లోపలికి వేయించుకుంది. నేను బయల్దేరేముందు రోజు వాన పడింది. ఆ మర్నాడు ఆ కాడితో ఆవిడ దున్నుతుంటే తీసిన ఫోటో ఇది. ఆర్విల్ గారికి ఇవ్వు. నువ్వే ఇవ్వాలి.

తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నాను, సాంబారు సంగతి తప్ప.

రేణు


బెంటన్‌విల్
18 జూలై 2010

రేణూ,

ఫోటో ఇచ్చిన సంగతి జనవరిలో ఒక్క ముక్కలో రాశాను. ఎందుకంటే అప్పుడు రాయడానికి ఎక్కువ లేదు. ఆర్విల్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, భూతద్దం పెట్టుకుని చూశాడు. టెంబో గారి నవ్వు చూస్తాడనుకున్నాను. ఆయన ఎద్దు మెడ చూశాడు. "పుండు లేదు" అన్నాడు. ఫోటోలో కాడికి అంటిన బురదని వేలితో తాకి, ఫోటో చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అంతే. కాఫీ ఇచ్చి పంపించాడు.

తరవాత చలికాలమంతా నేను ఆయన్ని చూడలేదు. నిన్న బెండకాయలు మళ్ళీ వచ్చాయి. వెళ్ళాను. తక్కెడ మీద ఆ ఫోటో ప్లాస్టిక్ కవర్లో వేలాడుతోంది. గోడకి వేలాడదీయొద్దన్న మనిషి తనే వేలాడదీశాడేంటని అడిగితే, కాడిని కదా వద్దన్నాను అన్నాడు. పక్కనే అట్టముక్క బోర్డు, అదే పాతది, వానకి తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. బెండకాయలు విరవరాదు. దాని కింద కొత్త పెన్నుతో చిన్నగా ఇంకో వరస ఉంది. నీకు చెప్పాలనే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

"కావ్యకి మినహాయింపు."

ఆయన అటు తిరిగి ఎవరికో టమాటాలు తూస్తున్నాడు, నావైపు చూడలేదు. నేను బుట్ట ముందు నిలబడ్డాను. ఒక బెండకాయ తీసుకుని కొన పట్టుకున్నాను. విరవబుద్ధి కాలేదే. చేతికి వచ్చినవి వచ్చినట్టు సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి కోస్తే సగం ముదురువే. అన్నీ వండాను. లోకేష్ పీచు తీసి కంచం పక్కన పెట్టుకుంటూ అన్నీ తిన్నాడు.

కావ్య